మన్యపుటంచున ఱంపకోత

కొత్తగూడెము నుండి పాల్వంచ మీదుగా భద్రాచలమునకు పోవు యాత్రికుడు, సారపాక చేరి గోదావరి వంతెన యెక్కువఱకును దారి కిరువంకల వరుసలు దీర్చి నిలిచిన జామాయిలు చెట్లను చూచి, మన్యమనగా నిదియే కాబోలునని తలంచుట కలదు. అవి మన్యపు చెట్లు కావు. సారపాకలో 1979లో ఉత్పత్తి మొదలుపెట్టిన కాగితపు అట్టల మిల్లునకు ముడిసరుకుగా రైతులు పెంచుచు వచ్చిన తోటలవి. వాని కావల కిన్నెరసాని లోయలోను, నదికి ఎడమగట్టున దుమ్ముగూడెము, చర్ల దిక్కుగా సాగు కొండలలోను మిగిలియున్న టేకు, నల్లమద్ది, ఏగిస, జిట్రేగి మ్రాకులే యీ సీమకు పూర్వము కీర్తి తెచ్చిన కలప. రామాలయమునకు చరిత్ర వ్రాసిరి. మన్యపు తిరుగుబాట్లకు వ్రాసిరి. బొగ్గు గనులకు వ్రాసిరి. ఆ మ్రాకులను దుంగలు చేసి, దుంగలను పలకలు చేసి, మన యిండ్లకు ద్వారబంధములును మన బండ్లకు చక్రములును సమకూర్చిన ఱంపకోతకు మాత్రము తగినంత వ్రాయబడలేదు. ఈ యుపేక్ష వలన కలిగిన నష్టము పుస్తకములతో ఆగినది కాదు. నేడు ఇంటి వెనుక పాకలో పాత కోతమిషను నొకదాని నుంచుకొని, దానిని బాగుచేసికొనవలెనని తలపెట్టు వడ్రంగికి, ఎక్కువ హార్సుపవరు మోటారు, మఱింత పెద్ద బ్లేడు తప్ప వేఱు మార్గము తోచకుండుటకు గూడ ఈ మఱపే కారణమని నా నమ్మకము.

ఈ ప్రాంతపు కలపకు గోదావరియే రాజమార్గము. ఎండిన టేకు నీట తేలును. పచ్చి టేకు తేలుట కష్టము. అందుచేతనే బర్మా అడవులలో నిలుచున్న చెట్టు మొదట చుట్టును బెరడును, దాని లోపలి తెల్ల చెక్కను తెగగొట్టి, అది నిలువుననే యెండువఱకు ఏండ్ల తరబడి వేచియుండి, పిదప నఱకు పద్ధతి వాడుకలోనికి వచ్చెను. నల్లమద్ది, జిట్రేగి వంటి బరువైన జాతులు సరిగ తేలవు గనుక వానిని వెదురు మోపులతో జోడించి కట్టవలసి యుండెను. అట్లు కట్టిన తెప్పలు శబరి వచ్చి కలియు కూనవరము దాటి, పాపికొండల నడిమి యిఱుకున సుడిగుండములను తప్పించుకొని, రాజమహేంద్రవరపు రేవు చేరుచుండెను. ఆ రేవున దిగిన టేకులో కొంత కోరంగికి పోయి ఓడలైనది. సామర్లకోటలో నివసించి తెలుగుదేశపు మొక్కలను పరిశీలించిన రాక్స్‌బరో వైద్యుడు, 1795 మొదలుకొని వెలువడిన తన కోరమాండలు తీరపు వృక్షముల గ్రంథములో టేకునకు చోటిచ్చుట యీ వ్యాపారమెఱిగిన వారికి వింత గొలుపదు.

ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట, ఎగువ గోదావరిని గూడ పడవలకు యోగ్యముగా చేసి వరాడ సీమ ప్రత్తిని సముద్రమునకు దింపవలెనని సర్ ఆర్థర్ కాటను తలపెట్టెను. ఆ సంకల్పముననే హెయిగు దొర పర్యవేక్షణమున దుమ్ముగూడెము కడ ఆనకట్టయు, కాలువయు, లాకులును లేచినవి. వ్యయము పెరిగి, రైలుబండి ముందునకు వచ్చి, 1871లో ఆ పనులు నిలిపివేయబడినవి. వరదను నమ్ముకొన్న తెప్పలు మాత్రము కాటనుకు ముందును సాగినవి, తరువాతను సాగినవి.

నది రెండు ప్రభుత్వముల నడుమ ఎల్లయగుట ఈ సీమ విశేషము. 1860లో నిజాము ప్రభువు ఎడమగట్టు భూములను ఆంగ్లేయుల కప్పగించెను. భద్రాచలము, రేకపల్లి ప్రాంతములు తొలుత మధ్యపరగణాలలో నుండి 1874లో చెన్నరాజధానిలోని గోదావరి జిల్లాకు మాఱినవి. కుడిగట్టున పాల్వంచ సంస్థానము నిజాము నేలగనే యుండెను. ఈ గట్టున నొక శాసనము, ఆ గట్టున నొక శాసనము. చేయి మాఱిన కొలదియేండ్లకే రేకపల్లిలో శిస్తులు పెరిగినవి, పోడు వ్యవసాయమునకు హద్దులు పెట్టబడినవి, కొన్ని జాతుల చెట్లు కొట్టరాదన్న నిషేధము వచ్చినది. 1879లో రంపలో రగిలిన తిరుగుబాటు ఇక్కడికి వ్యాపించుటకు ఈ యడవి నిబంధనలే ముఖ్యహేతువులు. 1882 నాటి చెన్నరాజధాని అటవీ చట్టముతో రిజర్వు అడవులు ఏర్పడినవి. అప్పటినుండి కోయవాడు, కొండరెడ్డి తమ తాతలు తిరిగిన కొండలోనే గొడ్డలి పట్టుటకు అనుమతి వేడవలసినవారైరి. కుడిగట్టున ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వకము మొదలయ్యెను. గని పైకప్పు కూలకుండ నిలుపు గుంజలకును, గని చుట్టు లేచిన బస్తీల యిండ్లకును కలప కావలసి వచ్చెను. 1953లో వరంగల్లు నుండి విడివడిన ఖమ్మము జిల్లాలో భద్రాచలము, నూగూరు తాలూకాలు 1959లో చేరినపుడు గాని రెండు గట్టులును ఒక్క జిల్లా కాలేదు; 1965లో వంతెన పడినపుడు గాని దుంగల లారీకి పడవతో పని తీరలేదు.

ఇంతటి కలపయు ఎట్లు కోయబడెను? మానవ బాహుబలము చేతనే. ఇద్దఱు కోతగాండ్రు, ఇరుకొనల పిడులు గల నిలువెత్తు ఱంపమొకటి, ఒక గోయి, లేదా గోతికి బదులుగా గుంజల మీద నేటవాలుగ ఎత్తి నిలిపిన దుంగ: ఇదియే వారి కర్మాగారము. దుంగను బాడిశతో చదునుచేసి, బొగ్గుపొడి నీళ్ళలో గాని జేగురులో గాని ముంచిన నూలును ఆ కొన నుండి యీ కొనకు బిగలాగి, నడుమ వ్రేలితో పైకెత్తి విడిచిరేని, దుంగ పొడవునను ఒక్క రేఖ పడును. పైవాడు ఆ రేఖకు కాపు. క్రిందివాడు బలమునకు మూలము. క్రిందివాని కన్నులలోను, చెమటపట్టిన వీపు మీదను పొట్టు రాలుచుండును; అతడు రేఖను చూడజాలడు; పైవాని లాగుడులోని యీడ్పును బట్టి, ఱంపము చేయు నాదమును బట్టి, పండ్లు రేఖ మీద నున్నవో ప్రక్కకు పోవుచున్నవో గ్రహించుచుండును. టేకులో ఇసుకపు రేణువుల వంటి పదార్థము సహజముగనే యుండుటచేత పండ్లు త్వరగ మొక్కపోవును. కనుక మాటిమాటికి పని యాపి ఆకురాయితో నొక్కొక్క పంటిని సానపట్టి, ఒకదానిని కుడికి, వేఱొకదానిని ఎడమకు సన్నగ వంచుకొనవలెను. ఆ వంపు లేనిచో ఱంపపు రేకు తన కోతలోనే యిఱుకుకొనును.

పండ్లకు వంపు పెట్టినంత మాత్రమున ఇఱుకుట తప్పదు. చెట్టు నిలిచియున్నంత కాలము దాని దేహములో బిగువులు పేరుకొనును. గాలికి ఒకవైపు వంగిన మాను, కొండవాలున ఒరగి పెరిగిన మాను, త్వరత్వరగ ఎదిగిన మాను, ప్రతిదియు తన లోపల నొక లాగుడును దాచుకొనియుండును. దుంగను చీల్చినంతనే ఆ లాగుడు విడివడి, రెండు చెక్కలలో ఏదో యొకటి వంగి, వెనుకనున్న కోతను మూయజూచును. అందులకే కోతగాండ్రు నాలుగడుగులు తెగిన వెంటనే వెనుకటి సందులో కఱ్ఱ చీల నొకదానిని దిగగొట్టుదురు. కోత సాగిన కొలది చీలను ముందునకు జరుపుదురు. ఇట్టి చిన్న చీల లేక గోతి ఱంపముతో పెద్ద దూలము కోయబడుట దుర్లభము. ఆ చీలను పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. ఈ వ్యాసములో నేను చెప్పదలచిన దంతయు దానితో ముడివడి యున్నది.

గుండ్రని రేకునకు చుట్టును పండ్లు కోసి దానిని త్రిప్పుటచే కలపను కోయవచ్చునన్న యూహ ఐరోపాలో పదునెనిమిదవ శతాబ్దమునకే పుట్టినది. 1777లో సౌతాంప్టను వాసియగు సామ్యూల్ మిల్లరు పొందిన పేటెంటులో దాని ప్రస్తావన కలదు. పట్టీవంటి బ్యాండు ఱంపము పందొమ్మిదవ శతాబ్దారంభముననే ఊహింపబడినను, దాని కొనల యతుకు నిలుచునట్లు చేయుట ఆ శతాబ్దపు మధ్యకాలమున గాని సాధ్యము కాలేదు. అమెరికాలో 1939లో వెలువడిన డెల్టా కంపెనీ వారి యూనిసా వంటి యంత్రములు బల్ల ఱంపమునకు నేటి రూపము నిచ్చినవి. మన సీమకు ఈ మార్పులన్నియు వరుస తప్పి వచ్చినవి. మొదట పట్టణపు సామిల్లులలో డీజిలు ఇంజనులు నిలిచినవి. కొత్తగూడెపు థర్మలు కేంద్రము 1966 ప్రాంతమున పని మొదలుపెట్టి, క్రమముగ పల్లెలకు కరెంటు తీగలు ప్రాకిన పిదప వడ్రంగి పాకలోనికి కోతమిషను దిగినది. గోతి ఱంపము ఇరువదేండ్లలో మూలబడెను. క్రిందివాని కన్నులు పొట్టు బాధ నుండి తప్పినవి; అది మేలే, దానికి నేను మనసార సంతోషింతును. కాని పైవాడు, క్రిందివాడు, నూలు, చీల అను నాలుగింటిలో యంత్రము మొదటి యిద్దఱను తీసివేయుటతో ఆగక, మిగిలిన రెండింటిని గూడ తీసివేసినది.

నూలునకు బదులుగ బల్ల మీద నొక అడ్డుపట్టీ వచ్చెను. చీలకు బదులుగ ఏమియు రాలేదు.

పాల్వంచ దిక్కున ఒక వడ్రంగి యింటి వెనుక నేను చూచిన యంత్రము ఇట్టి వానికెల్ల ప్రతినిధి యనదగినది. ఇనుప యాంగిళ్ళతో వెల్డింగు చేసిన చట్రము. దాని నడుమ రెండు బేరింగులలో తిరుగు నొక యిరుసు. యిరుసు నడుమ చిత్రిక పట్టు డ్రమ్ము, కొనను కోత బ్లేడు. ఒకే యిరుసు మీద రందయు ఱంపమును జతపఱచుట మన ప్రాంతపు వడ్రంగులకు అలవాటైన పొదుపరి యేర్పాటు. ఇందు నాకు గొప్ప గౌరవము కలదు. క్రింద రెండు హార్సుపవరుల సింగిలు ఫేజు మోటారు; నడుమ వీ-బెల్టు. బ్లేడుకు మూత లేదు. బ్లేడు వెనుక నేమియు లేదు. అడ్డుపట్టీ బ్లేడునకు సమాంతరముగ నుండవలసినది వెనుకకొనను రెండు నూలులంత దగ్గఱయై యుండెను. బల్ల మీది ఇనుపరేకు నడుమ నొక చోట వంగి, స్కేలు నిలువబెట్టిన క్రింద నుండి వెలుగు కనబడుచుండెను. కోయబడుచున్నది జామాయిలు చెక్క.

ఇక్కడ ఏమి జరుగునో కొంచెము నిదానముగ చూతము. బ్లేడు ముందుభాగపు పండ్లు క్రిందికి దిగును, కనుక చెక్కను బల్లకు అదుమును. వెనుకభాగపు పండ్లు పైకి లేచును. జామాయిలు త్వరగ ఎదుగు మాను గనుక దానిలో బిగువు లధికము. కోయగనే చెక్క రెండు పాయలు దగ్గఱకు వచ్చి వెనుకటి పండ్లను పట్టుకొనును. లేదా వంకరయైన అడ్డుపట్టీయే చెక్కను ఆ పండ్ల మీదికి త్రోయును. అంతట ఆ పైకిలేచు పండ్లు చెక్కను ఎత్తి, మనుష్యుని మీదికి, కంటికి కానరాని వేగముతో విసరును. నిముసమునకు 1440 చుట్లు తిరుగు మోటారు, దాని మీద ఆఱంగుళాల పుల్లీ, ఇరుసు మీద మూడంగుళాల పుల్లీ యున్న యెడల ఇరుసు 2880 చుట్లు తిరుగును. 30 సెంటీమీటర్ల బ్లేడు అంచు అప్పుడు సెకనుకు 45 మీటర్ల వేగముతో పోవుచుండును. చెక్క యెగిరినపుడు దానిని త్రోయుచున్న చేయి తూలి బ్లేడు మీద పడును. మన వడ్రంగులలో వ్రేలు కోల్పోయిన వారిని చూచి వారి యజాగ్రత్తను నిందించువారు కలరు. నేను వారిని నిందింపను. గోతి ఱంపపు కోతగానికి తాతలనాటి నుండి దక్కిన రక్షణమును వీరికి యంత్రము అమ్మినవాడు ఇయ్యలేదు.

కావున పాత యంత్రమును బాగుచేయుటకు ప్రథమ సోపానము ఆ చీలను తిరిగి తెచ్చుట. విదేశపు యంత్రములకు బ్లేడు వెనుక దాని వంపు ననుసరించి నిలుచు నొక యుక్కు రెక్క యుండును. అది చీల పనియే చేయును. దీనిని స్థానిక లేతు పనివాడు సులభముగ చేసి యియ్యగలడు, కాని కొలతలు తప్పరాదు. బ్లేడు పండ్లు కోయు సందు 3.2 మిల్లీమీటర్లు, రేకు మందము 2.2 అయినపుడు, రెక్క మందము ఆ రెంటి నడుమ, అనగా 2.5 మొదలు 2.8 వఱకు ఉండవలెను. రేకు కంటె పలుచనైన అది కోతను తెఱచియుంచజాలదు, సందు కంటె దళసరియైన చెక్క ముందునకు సాగదు. పండ్లకును రెక్కకును నడుమ 3 నుండి 8 మిల్లీమీటర్ల యెడము చాలును. రెక్కను బల్లకు బిగింపరాదు. ఇరుసును మోయు చట్రమునకే బిగింపవలెను, ఏలయన బల్లను ఎత్తి దించినను బ్లేడునకును రెక్కకును గల దూరము మాఱకుండును. ఇది అయిన పిదపనే మూత, అడ్డుపట్టీ సరిచేయుట, వంగిన బల్లరేకును మార్చుట. ఇఱుకు కోతలకు చేతి బదులు తోపుకఱ్ఱ వాడుట అలవాటు కావలెను.

బ్లేడు విషయమున మన కాలము అదృష్టము గలది. 1920ల నడుమ జర్మనీలో పుట్టిన కార్బైడు మొన నేడు కొత్తగూడెపు అంగడిలో టీసీటీ బ్లేడుగ దొరకును. టేకులోని యిసుకకు అది తలయొగ్గుట తక్కువ. కోతగాండ్రకు పూటపూటకు ఆకురాయి పట్టవలసిన శ్రమ దీనితో తగ్గినది. అయితే బ్లేడు మీద ముద్రించిన గరిష్ఠ వేగమును చదువక, 1440 మోటారును తీసి 2800 చుట్ల మోటారు బిగించి, పాత పుల్లీలనే యుంచిన యెడల వేగము ఇంచుమించు రెండింతలగును. అది మృత్యువును పిలుచుటయే. మఱియొక మాట: మన్యపు గ్రామములలో కరెంటు పోవుట, వచ్చుట అలవాటైన సంగతి. సాధారణపు స్విచ్చి గల యంత్రము కరెంటు రాగానే తనంతట తానే తిరుగ నారంభించును. అప్పుడు చేయి బ్లేడు దగ్గఱ నున్న గతి యేమి? కరెంటు పోగానే తెగిపోయి, మనుష్యుడు మరల నొక్కినగాని కలియని స్టార్టరు బిగించుట పెద్ద ఖర్చు కాదు. చట్రమునకు ఎర్తు తీగ, పొట్టును పీల్చు గొట్టము గూడ కావలెను. కలపధూళి క్యాన్సరు కారకమని ప్రపంచారోగ్యసంస్థ కనుబంధమగు పరిశోధన సంస్థ 1995లోనే నిర్ణయించినది.

పెద్ద బ్లేడు మాట వచ్చినపుడు చట్టమును గూడ తలచుకొనవలెను. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము పిదప సామిల్లులకు లైసెన్సు నిబంధనలు ఏర్పడినవి. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు, కేంద్రము అనుమతి లేక అడవులలో నడచు సామిల్లుల నన్నింటిని తక్షణమే నిలుపుమని ఆజ్ఞాపించెను. కేంద్ర ప్రభుత్వము 2016లో వెలువరించిన మార్గదర్శకముల ప్రకారము, పారిశ్రామిక వాడలు, పురపాలక ప్రాంతములు మొదలగువాని యందు తప్ప, నోటిఫైడు అడవి హద్దునకు పది కిలోమీటర్ల లోపల కలప పరిశ్రమకు లైసెన్సు ఈయరాదు. అయితే బ్యాండు ఱంపము గాని, 30 సెంటీమీటర్లకు మించిన గుండ్ర ఱంపము గాని లేక, సక్రమముగ కొన్న కోత కలపతో పనిచేయు చిన్న వడ్రంగికి లైసెన్సు అక్కఱలేదు. భద్రాచలము, బూర్గంపాడు, దుమ్ముగూడెము గ్రామములలో అడవికి పది కిలోమీటర్ల కావల నున్న పాక యెన్ని? కనుక ఈ యంచున నివసించు వడ్రంగికి 30 సెంటీమీటర్ల బ్లేడే పరిమితి. దానితో ఇంచుమించు మూడున్నర అంగుళముల లోతు తెగును. ద్వారబంధమునకును, కిటికీ చట్రమునకును, మంచపు పట్టెకును అది చాలినది. 1879లో అడవి నిబంధనల వలన రగిలిన సీమలో, ఆ నిబంధనల పరంపరలో నొకటి నేడు చిన్న వడ్రంగిని బ్రదుకనిచ్చునదిగ నుండుట గమనింపదగినది. మానులను దొంగతనముగ తరలించు పెద్ద చేతులకు అడ్డుకట్టయు, ఇంటి వెనుక పాకకు వెసులుబాటును ఈ హద్దు ఒక్కటే కల్పించుచున్నది. దీనిని నేను న్యాయమైన హద్దుగనే యెంచుచున్నాను.

టేకు దుంగ పాక ముంగిట దిగు రోజులు ఈ ప్రాంతమున చాలవఱకు గడచినవి. ఇప్పుడు వచ్చునది డిపో వేలములో కొన్న కొద్దిపాటి టేకు, పొలపు గట్టున కొట్టిన వేప, తుమ్మ, తోటలో పండిన జామాయిలు. ఈ చెట్లు పాత మన్యపు మానుల వలె నిదానముగ పెరిగినవి కావు. కోతలో మూసికొనుట వీనికి సహజగుణము. అనగా చీల అవసరము గోతి ఱంపపు రోజులలో కంటె నేడే యెక్కువ.

ఐ.టి.ఐ.లలో వడ్రంగము నేర్పు ఉపాధ్యాయులారా, మీ విద్యార్థికి స్విచ్చి నొక్కుట నేర్పుటకు ముందు, వెనుకటి సందులో చీల దిగగొట్టుట నేర్పుడు. గోతి ఱంపము లాగిన వృద్ధులు దుమ్ముగూడెము, వెంకటాపురము వైపున ఎవరైన నుండిన, వారి చేతిలోని ఱంపమును, వారి మాటను ఇప్పుడే వ్రాసి పెట్టుడు. పాత యంత్రము కలవారు కొత్త మోటారు కొనుటకు తీసిన రూకలతో ముందుగ ఆ యుక్కు రెక్కను చేయించుకొనుడు. మిగిలినవి మోటారుకు వినియోగింపవచ్చును.